మొండిలాకుల దగ్గర పలక్కు

మొండిలాకుల దగ్గర రాత్రిపూట ఎవరు పిలిచినా పలక్కూడదు. ఒకసారి పిలిచినా సరే, పదిసార్లు పిలిచినా సరే. పలికినవాడు తెల్లారేసరికి నెత్తురు కక్కుకుని చస్తాడని ఆ చోటుకి పేరు.

ఎక్కడంటావా... కూచిపూడి దాటాక కాలవ కట్ట పట్టుకుని లోపలికి పోతే వస్తాయి. వెనకటికి పడవలు నడిచిన రోజుల్లో కట్టిన లాకులు. తలుపులు ఎప్పుడో ఊడిపోయాయి. అటో రాతిగోడ, ఇటో రాతిగోడ, మధ్యలో పడవ పట్టేంత గుంట. అందులో నిలబడి చెయ్యెత్తితే పైఅంచు అందదు. దిగడానికి గోడకి ఇనప మెట్లున్నాయి, అవీ తుప్పే. ఎండాకాలం కాలవలు కట్టేస్తే ఆ గుంట ఎండిపోతుంది. తొలకరి పడగానే అడుగునంతా పిచ్చిమొక్కలు పచ్చగా లేస్తాయి. పగలు మేకలు కూడా దిగవు. రాత్రయితే మనిషన్నవాడు ఆ దారిన పోడు.

సుస్మితా, నువ్వు పొద్దున మెట్ల మీద అడిగావే... మా ఆయన కిరీటికి కళ్ళు పచ్చబడ్డాయి ఆంటీ, పసరు మందు ఎక్కడ పోస్తారు అని. అప్పట్నుంచీ నాకు ముద్ద దిగలేదు. అందుకే ఈ మోకాళ్ళేసుకుని పైకెక్కి వచ్చా. ఆయన్ని లేపకులే, పడుకోనీ. ఆ గది తలుపు దగ్గరికెయ్యి. చెప్పేదాకా అడ్డం రాకు, మధ్యలో ఆపితే మళ్ళీ మొదలెట్టే ఓపిక నాకు లేదు.

కింద మా హాల్లో ఫోటో చూశావుగా, జెస్సికా. మా చెల్లెలి కూతురు. తల్లి పోతే నేనే పెంచా, నేనే పెళ్ళి చేశా. అల్లుడు ఫిలిప్పు కింద నాతోనే ఉంటాడు, ఆటోనగర్లో లారీలకి కరెంటు పని చేస్తాడు. మంచోడే. కానీ ఒకటి నమ్మాడంటే ఇక ప్రభువే దిగొచ్చి చెప్పినా వినడు.

పోయినేడు జూన్లో జెస్సికాకి పచ్చకామెర్లొచ్చాయి. గోళ్ళు కూడా పచ్చబడిపోయాయి. ఆస్పత్రికి తీసుకెళ్తే రక్తం తీసి చూసి, ఆ డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది. "ఇవాళే చేర్చండి. లివరు బాగా దెబ్బతింటోంది. ఇది ఇంట్లో ఉండి తగ్గేది కాదు."

ఫిలిప్పు బుద్ధిగా తలూపాడు. బయటికొచ్చి దాన్ని బండెక్కించుకుని తిన్నగా ఇంటికి తీసుకొచ్చాడు!

"ఇదేంటి బాబూ" అంటే...

"షెడ్డులో మావాళ్ళందరికీ తగ్గిందత్తమ్మా. మాణిక్యమ్మ గారి పసరు. ఆదివారం ఒక్క పూట పడితే చాలంట" అన్నాడు.

మాణిక్యమ్మ ఇల్లు ఆ మొండిలాకులకి కూతవేటు దూరం. ఆవిడ పసరంటే బందరు నుంచీ బెజవాడ నుంచీ కార్లేసుకుని వస్తారు. శనివారం రాత్రి ఒక్కతే ఎటో పోయి ఆకు తెస్తుంది. ఆదివారం కోడికూసే వేళకి నూరుతుంది. రోగి రానక్కర్లేదు. కట్టుకున్నవాడు పోయి సీసాలో పట్టుకొచ్చి, ఎండ పొడ తగలకముందే పరగడుపున తాగించాలి.

ఆకు పేరు చెప్పదు. ఎక్కడ దొరుకుతుందో చెప్పదు. చెబితే మందు చచ్చిపోతుందంట. సొంత కోడలికి కూడా చెప్పలేదు మహాతల్లి. ఆ కోడలు సాయిశ్రీ ఏళ్ళ తరబడి రోలు కడిగింది గానీ, రోట్లో పడిందేంటో కంటితో చూడలేదు. నూరేటప్పుడు లోపల గడియ. "పరాయింటి నుంచి వచ్చినదానివి, నీకెందుకే ఆ సంగతి" అని వచ్చినవాళ్ళందరి ముందూ అనేదంట. సాయిశ్రీ తలొంచుకుని రోలు కడిగేదంట.

ఫిలిప్పు ముందుగా ఒకరోజు వెళ్ళి ఆవిడ్ని కలిశాడు. ఆవిడ అన్నీ అడిగి తెలుసుకుంది. అతని పేరు, పెళ్ళాం పేరు, ఏ ఊరు, ఎన్నాళ్ళ నుంచి. అడిగి, షరతులు పెట్టింది.

"ఇంగ్లీషు మందు ఒక్క బిళ్ళ కూడా ఆ అమ్మాయి కడుపులో పడకూడదు. పడితే నా పసరు పనిచెయ్యదు."

"సరేనండీ."

"రాత్రి కట్ట మీద వచ్చేటప్పుడు మొండిలాకుల దగ్గర ఎవరు పిలిచినా పలక్కు."

ఫిలిప్పు నవ్వాడంట. "మేం ప్రార్థనకెళ్ళేవాళ్ళమండీ. మాకు దెయ్యాలేంటి?"

"చేసుకో నీ ప్రార్థన. పలక్కు."

"మనిషెవరైనా అయితేనో? దెయ్యం ఒక్కసారే పిలుస్తుంది, మనిషైతే మూడుసార్లు పిలుస్తాడని మా అమ్మమ్మ చెప్పేదండీ..."

ఆవిడ కళ్ళు చిన్నవి చేసి చూసిందంట.

"అది మామూలు దెయ్యాల సంగతి. ఇది ఎన్నిసార్లయినా పిలుస్తుంది. నీ పేరు పెట్టి పిలుస్తుంది. నీకు తెలిసిన గొంతుతోనే పిలుస్తుంది. కాలు విరిగిందంటుంది... చచ్చిపోతున్నా రమ్మంటుంది. పలికావో, నా మందు వట్టి నీళ్ళు. నీ పెళ్ళాం నీకు దక్కదు."

నీ పెళ్ళాం నీకు దక్కదు! ఆ మాటతో వాడి నవ్వు ఎగిరిపోయింది. ఇక అక్కడి నుంచి బిళ్ళలు మానిపించాడు. నేను అరిచా. నోటికొచ్చినట్టు తిట్టా. జెస్సికాయే నా చెయ్యి పట్టుకుని, "ఆదివారం దాకానేగా పెద్దమ్మా, ఆయన మనసు కష్టపెట్టకు" అంది. దాని చెయ్యి అప్పటికే మంటలా కాలిపోతోంది. ఏం చేస్తాం చెప్పు, వాళ్ళ మొగుడూ పెళ్ళాల మధ్య నేనెవరిని?

ఆ శనివారం రాత్రి ఫిలిప్పు బండేసుకుని బయల్దేరాడు. నేను జెస్సికా దగ్గర కూర్చున్నా.

ఇక ఇక్కడి నుంచి వాడు చెప్పిందే నేను చెబుతున్నా.

ఆ సాయంత్రం ఈదురుగాలికి అటువైపంతా తీగలు తెగి కరెంటు పోయింది. కట్ట పొడుగునా ఒక్క దీపం లేదు. బండి లైటు పడిన మేర తప్ప ఏమీ కనపడలేదు. వాడు ఎంత వేగంగా పోవాలనుకున్నాడో... సరిగ్గా మొండిలాకుల ఎదురుగా చైను ఊడిపోయింది. బండి ఆగింది. లైటూ ఆరింది.

ఫోను వెలుతుర్లో చైను ఎక్కిస్తున్నాడు. చేతులకి గ్రీజు. చుట్టూ కప్పల గోల.

అప్పుడు వినపడింది.

"ఓ... బాబూ... ఇటు రా..."

కడవలో నోరు పెట్టి పిలిచినట్టుందంట ఆ గొంతు. గుండ్రంగా... లోపల్నుంచి. కప్పలు కూడా నోరు మూశాయి. వాడు తల ఎత్తలేదు. చైను వేళ్ళల్లోంచి జారిపోతోంది.

"ఎవరదీ... వెళ్ళిపో... లేకపోతే రా..."

మనసులో ప్రభువా ప్రభువా అనుకుంటూ చైను పళ్ళ మీదకి లాగాడు. పడటం లేదు. పడటం లేదు... అంతలో లాకుల్లో ఇనుము విరిగిన చప్పుడు. ఆ వెంటనే ధబ్ మని ఏదో పడింది. "అమ్మో!" అని ఒక్క కేక.

తర్వాత ఏమీ లేదు.

అప్పుడే వాడి ఫోను మోగింది. చేసింది నేనే. ఇక్కడ జెస్సికాకి మాట తడబడుతోంది. నన్ను చూసి "ఎవరు మీరు" అంటోంది. నాకు భయమేసి చేశా.

"ఎక్కడున్నావు బాబూ? ఇది నన్ను కూడా గుర్తుపట్టటం లేదు."

"లాకుల దగ్గరున్నానత్తమ్మా... చైను ఊడింది... జెస్సికాకి ఏం కాదు. ఫిలిప్పు మందు తెస్తున్నాడని దాని చెవిలో చెప్పండి."

ఆ మాట వాడు గట్టిగానే అన్నాడు. అన్నాక... ఫోన్లో నాకూ వినపడిందమ్మా. ఈ చెవితో విన్నా.

"ఫిలిప్పూ... జెస్సికా మొగుడివేగా నువ్వు... నాయనా... పలుకు..."

"ఎవరో పిలుస్తున్నారు బాబూ!" అని నేను అరిచా. "ఎవరో పడ్డట్టున్నారు. చూడు!"

ఫోను కట్టయింది.

వాడి పేరు తెలిసిన దెయ్యం. పెళ్ళాం పేరు కూడా తెలిసిన దెయ్యం. "తెలిసిన గొంతులానే ఉందత్తమ్మా, అందుకే ఇంకా భయమేసింది" అన్నాడు తర్వాత. చూడమని నేను అరిచానే, అది కూడా నేను కాదనుకున్నాడంట. దెయ్యమే నా గొంతుతో ఫోన్లో మాట్లాడుతోందనుకున్నాడంట!

"ఫిలిప్పూ... కాలు విరిగింది నాయనా... పైకి రాలేను... చచ్చిపోతున్నా..."

మాణిక్యమ్మ ఏం చెప్పిందో అచ్చం అదే. మాట పొల్లుపోకుండా. ఇక వాడు ఆగలేదు. చైను వేలాడుతుంటే బండిని తోసుకుంటూ పరిగెత్తాడు. వెనక పిలుపు. మూడుసార్లు దాటింది, లెక్క పోయింది. వాడు వెనక్కి చూడలేదు. జెస్సికా దక్కాలి, అంతే. ఇంకేం లేదు వాడి బుర్రలో.

మాణిక్యమ్మ ఇంటి అరుగు మీద ఛార్జింగు లైటు పెట్టుకుని కోడలు సాయిశ్రీ కూర్చుని ఉంది. ఒళ్ళో చేట. బియ్యంలో రాళ్ళేరుతోంది.

"అత్తయ్య మందుకెళ్ళింది. కూర్చోండి, వస్తుంది."

వాడికి ఊపిరి అందటం లేదు. "లాకుల దగ్గర... పిలిచిందండీ. నా పేరు పెట్టి..."

సాయిశ్రీ చేతులు ఆగాయి.

"పలికారా?"

"లేదండీ."

"మంచిపని చేశారు" అంది. అని మళ్ళీ రాళ్ళేరుకుంది.

ఆ అరుగు మీదకి కూడా వినపడుతోందంట. గాలి ఇటు తిరిగినప్పుడల్లా సన్నగా.

"సాయిశ్రీ... ఓ సాయిశ్రీ... రావే తల్లీ..."

ఫిలిప్పు లేచి నిలబడ్డాడు. "మిమ్మల్ని పిలుస్తోందండీ!"

"వింటూనే ఉన్నా. కూర్చోండి."

తర్వాత ఆ గొంతు ఊళ్ళోవాళ్ళ పేర్లు పిలిచింది. వరసగా. ఆ వీధిలో ఎవరి ఇల్లు తర్వాత ఎవరి ఇల్లో అదే వరసలో. పేరు పడిన ఇంట్లో కిటికీ రెక్క మూసుకునేదంట. ఇంకో పేరు... ఇంకో కిటికీ. ఎక్కడో ఓ పిల్ల ఏడవబోతే తల్లి నోరు మూసింది. ఒకింట్లో కొవ్వొత్తి కనపడుతుంటే అదీ ఆర్పేశారు. ఊరు ఊరంతా మెలకువగా ఉంది. ఊరు ఊరంతా చీకట్లో ఊపిరి బిగబట్టి కూర్చుంది.

ఎంతసేపటికో కాలవ వైపు నుంచి గలగలమని చప్పుడు మొదలైంది. ఎండాకులు ఈడ్చుకొస్తున్నట్టు.

సాయిశ్రీ తల ఎత్తింది. "బ్యారేజీ దగ్గర నీళ్ళొదిలారన్నారు. వచ్చేశాయి."

నారుమళ్ళకి నీళ్ళమ్మా. ఊరంతా ఎదురుచూసే నీళ్ళు.

నీళ్ళ చప్పుడు పెరిగిన కొద్దీ పిలుపు తొందరపడింది. ఇక పేర్లు లేవు. "పైకి లాగండర్రా... నీళ్ళొస్తున్నాయి... ఒక్కళ్ళయినా పలకండర్రా..." ఫిలిప్పు రెండు చెవులూ మూసుకుని మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడంట. చేతులు తీసేసరికి నీళ్ళ చప్పుడొక్కటే ఉంది.

"ఆగిపోయిందండీ" అన్నాడు.

సాయిశ్రీ చేట పక్కన పెట్టి, చేతులు దులుపుకుని లేచింది.

"టీ పెట్టనా అన్నయ్యగారూ?"

అదే వేళకి... అదే వేళ అని నేను ప్రమాణం చేసి చెప్పలేను గానీ, ఇంకా చీకటే... ఇక్కడ మా జెస్సికా మంచం మీద లేచి కూర్చుంది. రెండ్రోజులుగా తల కూడా ఎత్తలేనిది, నిటారుగా కూర్చుంది.

"పెద్దమ్మా, నీళ్ళొస్తున్నాయి" అంది.

కొళాయి గురించి అనుకున్నానమ్మా నేను. "ఇంకా రాలేదురా, తెల్లారాక వస్తాయి, నువ్వు పడుకో" అన్నా.

"నడుం దాకా వచ్చాయి. పైకి లాగమను. ఆయన అక్కడే ఉన్నాడు, వింటున్నాడు... పలకడేం?"

జ్వరం నెత్తికెక్కిందనుకుని తడిగుడ్డ వేశా. ఇప్పుడు నీకు చెబుతుంటే నా ఒళ్ళు చూడు, ఎలా అయిపోయిందో.

తెల్లారింది. మాణిక్యమ్మ రాలేదు. సీసాలు పట్టుకుని వచ్చినవాళ్ళు అరుగు నిండా కూర్చున్నారు. ఫిలిప్పు తూర్పుకేసి చూస్తూ గిలగిల్లాడిపోతున్నాడు. పొద్దెక్కితే మందు పనికిరాదాయె. అప్పుడొచ్చాడు కాలవ లస్కరు, నీళ్ళు చూసుకోవడానికి వెళ్ళినవాడు, అరుచుకుంటూ.

మొండిలాకుల గుంటలో నీళ్ళు నిండుగా ఉన్నాయి. మాణిక్యమ్మ తేలుతోంది.

పైకి తీశారు. ఒక కాలు మోకాలి కింద వేరే వైపు తిరిగి ఉంది. నడుముకి తాడు, తాడుకి ఒక చిన్న కడవ. కడవకి అడుగు లేదు. కొట్టుకుపోకుండా చీర చెంగుతో గట్టిగా ముడేసిన ఒడి, ఒడి నిండా వేళ్ళతో సహా పీకిన మొక్కలు.

ఆ అడుగులేని కడవ చూశాక ఎవరికీ ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

దెయ్యం లేదు అమ్మాయ్. ఎప్పుడూ లేదు. ఆకు ఆ గుంటలో పెరుగుతుంది. పెరట్లో పీకితే పక్కింటివాళ్ళు చూస్తారు. అందుకని శనివారం రాత్రి గుంటలో దిగి పీకేది. కట్ట మీద ఎవరైనా ఆగితే ఆ కడవలో నోరు పెట్టి పిలిచి తరిమేది. ఎవడో ధైర్యస్తుడు మూడో పిలుపు దాకా ఆగి పలకబోయాడంట ఒకప్పుడు. అప్పట్నుంచి జనం పలకడానికి మిగిలిన ఆ కన్నం కూడా పూడ్చేసింది... ఎన్నిసార్లు పిలిచినా పలక్కండి, తెలిసిన గొంతయినా పలక్కండి, కాలు విరిగిందన్నా పలక్కండి. ఒక్కో కన్నం తన చేత్తోనే పూడ్చుకుంది. ఆ రాత్రి ఫిలిప్పు బండి ఆగితే వాణ్ణీ అలాగే తరమబోయింది. కంగార్లో పైకెక్కబోతే మెట్టు విరిగింది. ఇక తను బతకడానికి ఒక్క కన్నం కూడా మిగలలేదు.

మా వాడు ఎవరి మందు కోసం పరిగెత్తాడో, ఆవిడ్నే దాటుకుని పరిగెత్తాడు.

ఊళ్ళోవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదంట. "కూలరు చప్పుడుకి మాకేం వినపళ్ళేదు" అన్నారు ఒకళ్ళు. "మాకూ అంతే" అన్నారు ఇంకొకళ్ళు. అందరిదీ అదే మాట. ఆ రాత్రంతా కరెంటే లేదు, కూలర్లెక్కడివి?

పెద్దమనుషులు సాయిశ్రీని అడిగారు. "నీకు అత్తగారి గొంతు తెలియలేదా అమ్మా?"

"ఎన్నిసార్లు పిలిచినా పలకొద్దని అత్తయ్యే చెప్పింది" అందంట. "ఆమె మాట నేనెప్పుడూ దాటలేదు."

కంట్లో తడి లేదు. అందరూ చూస్తుండగానే శవం పక్కన కూర్చుని ఒడి ముడి విప్పింది. ఒక్కో మొక్కా తీసి, తిప్పి తిప్పి చూసింది. ఏళ్ళ తరబడి చూడనియ్యనిది కదా... తనివితీరా చూసుకుంది. తర్వాత ఒక గుప్పెడు తీసి ఫిలిప్పు చేతిలో పెట్టింది.

"రాత్రంతా కూర్చున్నారు, వట్టిచేతుల్తో ఎందుకు వెళ్తారు. దీని పేరు నాకూ తెలియదు. మొక్క మాత్రం ఇదే."

వాడు దాన్ని తువ్వాల్లో చుట్టుకుని, చైను ఎక్కించుకుని, ఎలా వచ్చాడో వాడికే తెలియదు.

వచ్చేసరికి జెస్సికా లేదు. తెల్లారి దాని కళ్ళు తేలేస్తుంటే నేనే అంబులెన్సుకి ఫోను చేశా. బెంజి సర్కిలు దాటలేదు. నా ఒళ్ళోనే పోయింది. అదే అంబులెన్సులో ఇంటికి తెచ్చుకున్నాం. నేను పెంచిన పిల్ల, నా ముందే పోయింది.

ఫిలిప్పు గుమ్మంలో నిలబడి తువ్వాలు విప్పాడు. "తెచ్చానత్తమ్మా" అన్నాడు.

చూశా. చిన్న చిన్న ఆకులు, చింతాకులా. ఈనె కింద వరసగా ఆవగింజంత పచ్చటి కాయలు. వాడి రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చి చూపించా.

మన కింది మెట్టు పక్కన. బాత్రూం నీళ్ళు పోయే ఆ సిమెంటు కాలవ గట్టున. జానెడు ఎత్తున, గుబురుగా, ఎన్ని మొక్కలో! నేను రోజూ ఊడ్చేటప్పుడు పీకి చెత్తబండిలో వేసే మొక్క. నేల ఉసిరి అంటారంట. మా చర్చికి వచ్చే ముసలామె చూసి చెప్పింది, ఊరంతా ఉంటుందమ్మా ఇది అని.

అది తాగిస్తే బతికేదా అని అడక్కు. నాకు తెలియదు. డాక్టరమ్మ చేర్చమన్న రోజున చేర్చి ఉంటే బతికేది. అది మాత్రం నాకు తెలుసు. అందుకే నీకు చెప్పేది. నా మాట విని ఆయన్ని లేపు, ఆటో పిలుస్తా, ఇప్పుడే ఆస్పత్రికి పోదాం. పసరు వద్దు, వాళ్ళ దగ్గరికి పోవద్దు. ఇప్పుడు అక్కడ సాయిశ్రీ నూరుతోందంట. ఆదివారం జనం ముందుకంటే ఎక్కువంట.

ఇంకొకటుంది. చెప్పకూడదనుకున్నా. కానీ చెప్పాలి.

ఆ మెట్టు పక్క మొక్కల్ని ఫిలిప్పు వేళ్ళతో సహా పీకేశాడు. చినుకు పడితే మళ్ళీ లేచాయి. మళ్ళీ పీకాడు. శనివారం రాత్రి ఆ సిమెంటు కాలవ దగ్గర్నుంచి పిలుపు మొదలైంది. నేనూ విన్నా. "ఫిలిప్పూ... పలుకు..." గుండ్రంగా, లోపల్నుంచి. ఆ గొంతు మాణిక్యమ్మదో, మా జెస్సికాదో, మా ఇద్దరికీ తేలలేదు.

"పలకనా అత్తమ్మా?" అన్నాడు వాడు. "జెస్సికాయే అయితేనో? ఒక్కసారి పలుకుతా..."

నేను వాడి నోరు మూశా. పలక్కు బాబూ, ఎన్నిసార్లు పిలిచినా పలక్కు అన్నా. అన్నాక తెలిసింది... చచ్చిన మాణిక్యమ్మ మాటే నా నోట్లోంచి వచ్చిందని. ప్రతి శనివారం అదే. వాడు ఏడుస్తాడు, నేను నోరు మూస్తా.

మొన్న శనివారం మాత్రం ఫిలిప్పుని పిలవలేదు. వేరే పేరు పిలిచింది. ఎవరబ్బా అనుకున్నాం మేమిద్దరం. ఆ పేరుగలవాడు ఈ ఇంట్లో లేడు, ఈ సందులోనే లేడు. సోమవారం మీరు వచ్చి సామాను దించారు. పొద్దున నువ్వు మెట్ల మీద చెప్పేదాకా మీ ఆయన పేరు నాకు తెలియదమ్మా.

కిరీటీ... అని పిలిచింది.

ఏడవకు. ఏడవడానికి టైము లేదు. చీకటి పడిపోయింది, ఇవాళ మళ్ళీ శనివారం. లే, ఆయన్ని...

ఉండు.

ఇప్పుడు గదిలోంచి మీ ఆయన "ఆఁ, వస్తున్నా" అన్నాడు.

నువ్వు పిలవలేదు. నేను పిలవలేదు. ఎవరికి పలికాడు సుస్మితా?